నిందపడిన నిర్ణయం వేరు, తప్పిన నిర్ణయం వేరు: బోస్టన్ షార్ట్‌స్టాప్‌ల కథ

అమెరికా బేస్‌బాల్ జట్టు బోస్టన్ రెడ్ సాక్స్ 1918 తర్వాత 86 ఏళ్లపాటు, అక్కడి కప్పును తేల్చే చివరి పోరైన ప్రపంచ సిరీస్‌ను ఒక్కసారి కూడా గెలవలేదు. ఆ తర్వాత 2004, 2007, 2013, 2018 సంవత్సరాల్లో నాలుగు సార్లు గెలిచింది. ఈ నాలుగు విజయాల్లో షార్ట్‌స్టాప్ స్థానంలో నిలబడినవారు నలుగురు వేర్వేరు ఆటగాళ్లు: వరుసగా ఒర్లాండో కబ్రెరా, హూలియో లూగో, స్టీఫెన్ డ్రూ, జాండర్ బోగార్ట్స్. నిలకడగా గెలిచే జట్టు ఇంత కీలకమైన స్థానంలో ఇంత నిలకడలేకుండా ఎలా ఉండగలిగిందన్నది బేస్‌బాల్ చర్చల్లో ఇప్పటికీ తేలని ప్రశ్న. ఫలానావాణ్ని వదులుకోవడం పొరపాటని, ఫలానావాడికి అంత డబ్బు పోయడం పొరపాటని అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకుంటూనే ఉన్నారు. ఆ నిర్ణయాలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే నాకు కనిపించేది ఏమిటంటే, నింద పడిన నిర్ణయం చాలాసార్లు సమర్థనీయమైనదే; అసలు తప్పు దానికి ఒక మెట్టు ముందో, ఒక మెట్టు తర్వాతో జరిగింది.

ఈ ఆట అంతగా పరిచయం లేని పాఠకుల కోసం ముందుగా ఆ స్థానం సంగతి కొంత చెప్పాలి. బేస్‌బాల్ మైదానంలో నాలుగు బేస్‌లు ఉంటాయి. రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య, ఏ బేస్‌కూ అంటిపెట్టుకోకుండా నిలబడే ఫీల్డరే షార్ట్‌స్టాప్. కుడిచేతి వాటం బ్యాటర్లు నేలబారుగా కొట్టే బంతుల్లో పెద్ద వాటా అటువైపే వస్తుంది. బ్యాటర్ 90 అడుగులు పరిగెత్తి మొదటి బేస్ చేరడానికి నాలుగు సెకన్లకు కాస్త ఎక్కువ పడుతుంది. ఆ లోపల షార్ట్‌స్టాప్ పక్కకు ఉరికి, బంతిని అందుకుని, మైదానానికి అడ్డంగా విసరాలి. క్రికెట్‌లో పాయింట్ దగ్గర నిలబడే మేటి ఫీల్డర్‌కు ఉండే చురుకుదనం ఇక్కడ ప్రతి మ్యాచ్‌లోనూ, సీజన్‌కు 162 మ్యాచ్‌ల పాటు కావాలి. ఇంత ఫీల్డింగ్ నైపుణ్యం ఉన్నవాడు బ్యాట్‌తో కూడా రాణించడం అరుదు కనుకనే, రెండూ ఉన్నవాడికి కళ్లు చెదిరే వెల పలుకుతుంది.

ఈ స్థానాన్ని అంచనా కట్టడంలో ఒక చిక్కు ఉంది. మామూలుగా అందుకోవలసిన బంతిని ఫీల్డర్ జారవిడిస్తేనో, తప్పుగా విసిరితేనో అధికారిక స్కోరర్ దాన్ని ఎర్రర్‌గా నమోదు చేస్తాడు. అసలు బంతి దగ్గరికే చేరుకోలేని నెమ్మదైన ఫీల్డర్ పేరిట మాత్రం ఎర్రర్ పడదు. అది బ్యాటర్ సాధించిన హిట్ కింద లెక్కకు వస్తుంది. కాబట్టి ఎర్రర్ల సంఖ్య ఒక్కటే చూసి షార్ట్‌స్టాప్‌ను తూచితే, ధైర్యంగా ఉరికేవాడు నష్టపోతాడు, నిలబడిపోయేవాడు బాగుపడతాడు. ఎంత మేర నేలను కాచగలుగుతున్నాడన్న లెక్కలు కట్టే పద్ధతులు 2000 తర్వాతే జట్ల కార్యాలయాల్లో బలపడ్డాయి. బోస్టన్ తీసుకున్న అతి పెద్ద నిర్ణయం వెనుక ఆ లెక్కలే ఉన్నాయి.

నోమార్ గార్సియాపారా

1994 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) 12వ ఎంపికగా జార్జియా టెక్ కళాశాల నుంచి వచ్చిన నోమార్ గార్సియాపారా 1997లో 209 హిట్లు, 30 హోమ్ రన్లతో (బంతిని మైదానం అవతలికి కొట్టే దెబ్బలు), మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో బోస్టన్ ఆడే అమెరికన్ లీగ్ ఉత్తమ నూతన ఆటగాడిగా ఏకగ్రీవంగా ఎంపికయ్యాడు. 1999లో 0.357, 2000లో 0.372 సగటుతో (బ్యాటు పట్టిన సార్లలో హిట్ దక్కిన వాటా) వరుసగా రెండేళ్లు లీగ్ బ్యాటింగ్ కిరీటం గెలుచుకున్నాడు. ఈ ఆటలో 0.300 సగటే గొప్ప అనుకునే చోట ఇవి ఎలాంటి అంకెలో ఊహించుకోవచ్చు. న్యూయార్క్‌లో డెరెక్ జీటర్, సియాటెల్‌లో అలెక్స్ రోడ్రిగెజ్, బోస్టన్‌లో నోమార్ — ఆ ముగ్గురిలో ఎవరు గొప్ప అన్నది 90ల చివర అమెరికా అంతటా నడిచిన వాదన.

2001లో మణికట్టు శస్త్రచికిత్స వల్ల నోమార్ ఆ ఏడాది దాదాపు అంతా ఆడలేదు. 2003 వసంతంలో జట్టు నాలుగేళ్లకు 6 కోట్ల డాలర్లు ఇవ్వజూపిందని, అతడు ఒప్పుకోలేదని వార్తలు వచ్చాయి. ఆ చలికాలంలో జట్టు వేరే ఎత్తు వేసింది. టెక్సస్‌లో ఉన్న అలెక్స్ రోడ్రిగెజ్‌ను తెచ్చుకోవడానికి మానీ రామిరెజ్‌ను ఇచ్చేందుకు, ఆ వెంటనే నోమార్‌ను షికాగో వైట్ సాక్స్‌కు పంపి మాగ్లియో ఒర్డోన్యెజ్‌ను తీసుకునేందుకు ఏర్పాట్లు చేసుకుంది. రోడ్రిగెజ్ ఒప్పందం విలువను తగ్గించడానికి ఆటగాళ్ల సంఘం అంగీకరించకపోవడంతో ఆ బేరం చెడింది. కొద్ది వారాల తర్వాత రోడ్రిగెజ్ ప్రత్యర్థి న్యూయార్క్ యాంకీస్ జట్టుకే వెళ్లి, జీటర్ ఉన్నాడు కనుక మూడో బేస్‌కు మారాడు. నోమార్ మాత్రం, తనను పంపించివేయబోయారన్న సంగతి లోకానికంతా తెలిసిపోయాక, అదే చొక్కా తొడుక్కుని అదే మైదానంలోకి దిగవలసి వచ్చింది.

మడమ గాయంతో 2004 సీజన్ మొదటి రెండు నెలలు అతడు ఆడలేదు. జులై 1న యాంకీ స్టేడియంలో మామూలు తొమ్మిదిని దాటి 13 ఇన్నింగ్స్ సాగిన మ్యాచ్‌లో జీటర్ బంతి కోసం ప్రేక్షకుల వరసలోకి దూకి ముఖం చితకగొట్టుకోగా, నోమార్ ఆ రాత్రంతా బెంచీ మీద కూర్చున్నాడు. ఆ దృశ్యం టీవీలో పదేపదే కనిపించింది. ఈ ఒక్క దృశ్యమే అతణ్ని పంపించివేసిందని చాలామంది నమ్ముతారు. నాకు ఆ నమ్మకం లేదు. జనరల్ మేనేజర్ (ఆటగాళ్లను ఎంచి జట్టును కూర్చే అధికారి) థియో ఎప్‌స్టీన్ అప్పుడు చెప్పిన కారణం వేరు: జట్టు ఫీల్డింగ్ విజేత స్థాయిలో లేదని, ఆ లోపాన్ని అలా వదిలేస్తే ప్రాణాంతకమవుతుందని ఆయన వాదించాడు. జులై 31న నాలుగు జట్ల మధ్య జరిగిన మార్పిడిలో నోమార్ షికాగో కబ్స్‌కు వెళ్లాడు. బోస్టన్‌కు మాంట్రియల్ నుంచి షార్ట్‌స్టాప్ కబ్రెరా, మిన్నెసోటా నుంచి మొదటి బేస్ ఆటగాడు డగ్ మింట్‌కేవిచ్ వచ్చారు. అదే రోజు వేరే చిన్న మార్పిడిలో లాస్ ఏంజెలెస్ నుంచి డేవ్ రాబర్ట్స్ కూడా వచ్చాడు.

ఆగస్టు నుంచి జట్టు 42 మ్యాచ్‌లు గెలిచి 18 ఓడింది. లీగ్ ఫైనల్లో యాంకీస్ చేతిలో 0–3తో వెనుకబడి, నాలుగో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రాబర్ట్స్ దొంగిలించిన బేస్‌తో (ప్రత్యర్థి బంతి వేస్తుండగానే ఉరికి తరువాతి బేస్ చేరడం) ఊపిరి పోసుకుని, వరుసగా నాలుగు గెలిచింది. ఆపై సెయింట్ లూయిస్‌ను నాలుగు వరుస మ్యాచ్‌ల్లో ఓడించి కప్పు ఎత్తింది.

ఇక్కడ చాలామంది విశ్లేషణ ఆపేస్తారు: కప్పు గెలిచారు, కాబట్టి నిర్ణయం సరైనది. ఇది లెక్క కాదు. రాబర్ట్స్ ఒక్క క్షణం ఆలస్యంగా జారి ఉంటే జట్టు అక్కడే ఇంటిముఖం పట్టేది. అంతమాత్రాన జులై 31 నాటి నిర్ణయం చెడ్డదైపోదు. ఆ రోజు తెలిసిన సంగతులతోనే తూచాలి. నోమార్ అప్పటికి 0.321 సగటుతో కొడుతున్నాడు, కానీ 38 మ్యాచ్‌లే ఆడాడు. మడమ నొప్పి వల్ల మిగిలిన సీజన్‌లో ఎన్ని మ్యాచ్‌లు ఆడగలడో నమ్మకం లేదు. ఒప్పందం రెండు మూడు నెలల్లో ముగుస్తుంది, కొత్త ఒప్పందం కుదిరే సూచనలు లేవు. కబ్రెరా 2001లో ఉత్తమ ఫీల్డర్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ అందుకున్నవాడు. ఈ నాలుగు అంశాలు కలిపితే, కప్పు రాకపోయినా ఆ మార్పిడి సమర్థనీయమైనదే. తరువాతి చరిత్ర కూడా అటే మొగ్గింది: 2005లో గజ్జ గాయంతో నోమార్ 62 మ్యాచ్‌లే ఆడాడు, 2006లో లాస్ ఏంజెలెస్ అతణ్ని మొదటి బేస్‌కు మార్చింది, ఇక పూర్తికాల షార్ట్‌స్టాప్‌గా అతడు ఏ జట్టుకూ ఆడలేదు.

అయితే ఈ వ్యవహారంలో బోస్టన్ యాజమాన్యం చేతులు శుభ్రంగా లేవు. నోమార్‌ను ముందే ఒప్పందంతో కట్టిపడేయడమో, బహిరంగంగా వేలం వేయకుండా గౌరవంగా సాగనంపడమో 2003 చలికాలంలోనే చేయవలసింది. రోడ్రిగెజ్ బేరం చెడిన రోజునే ఈ బంధం తెగిపోయింది. జులై మార్పిడి దాన్ని కాగితం మీద పెట్టడమే. 2010 మార్చిలో నోమార్ ఒక్కరోజు ఒప్పందం మీద బోస్టన్ ఆటగాడిగా రిటైరయ్యాడు. రాజీ కుదరడానికి అన్నేళ్లు పట్టింది.

రెంటెరియాతో ఒక్క ఏడాది

కబ్రెరా బోస్టన్‌లో ఆడింది 58 మ్యాచ్‌లు, ఆపై పోస్ట్‌సీజన్ (సీజన్ ముగిశాక కప్పు కోసం జరిగే పోటీలు). సగటు 0.294. జట్టువాళ్లకూ ఊరివాళ్లకూ ఇష్టుడయ్యాడు. సీజన్ అయ్యాక ఫ్రీ ఏజెంట్‌గా, అంటే ఏ జట్టుతోనైనా కుదుర్చుకోగలవాడిగా, ఏంజెల్స్ జట్టుతో నాలుగేళ్లకు 3 కోట్ల 20 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. బోస్టన్ దానికంటే 80 లక్షలు ఎక్కువ పెట్టి, అంటే నాలుగేళ్లకు 4 కోట్లకు, ఎడ్గార్ రెంటెరియాను తెచ్చుకుంది. అంతకు రెండు నెలల ముందు ప్రపంచ సిరీస్‌లో చివరి ఔట్ అయినవాడు అతడే. అతడు కొట్టిన బంతి పిచర్ (బంతి వేసేవాడు) కీత్ ఫోక్ చేతిలో పడటంతోనే 86 ఏళ్ల నిరీక్షణ ముగిసింది.

2005లో రెంటెరియా 30 ఎర్రర్లు చేశాడు; లీగ్‌ల రెండింటిలోనూ అంతకు మించి ఎవరూ చేయలేదు. సొంత మైదానం ఫెన్‌వే పార్క్‌లోనే ఎకసెక్కాలు వినిపించాయి. ఈ కథను ఇప్పటికీ చెప్పేవారు ‘కబ్రెరాను పోగొట్టుకుని రెంటెరియాను కొనడం’ అన్నదాన్నే తప్పుగా చూపిస్తారు. కానీ 2004 డిసెంబర్‌లో కూర్చుని చూడండి. రెంటెరియా కబ్రెరా కంటే వయసులో చిన్నవాడు. 2002, 2003 సంవత్సరాల్లో వరుసగా గోల్డ్ గ్లవ్‌లు గెలిచాడు. 2003లో 0.330 సగటుతో కొట్టాడు. 1997 ప్రపంచ సిరీస్‌ను ఫ్లోరిడాకు గెలిపించిన హిట్ కూడా అతడిదే. కబ్రెరా మీద ఉన్న ప్రేమంతా రెండు మూడు నెలల జ్ఞాపకం మీద కట్టినది. రెంటెరియా మీద పెట్టిన నమ్మకం ఏళ్ల రికార్డు మీద కట్టినది. ఆ రోజు నేనక్కడ ఉన్నా అలాగే చేసి ఉండేవాణ్నేమో.

నా లెక్కలో తప్పు 2005 డిసెంబర్‌లో జరిగింది. ఒక్క చెడ్డ సీజన్ తర్వాత రెంటెరియాను అట్లాంటాకు ఇచ్చేసి, మిగిలిన జీతంలో దాదాపు కోటి 10 లక్షల డాలర్లు తామే కడతామని ఒప్పుకుని, మూడో బేస్‌లో ఆడే యువకుడు ఆండీ మార్టేను తీసుకున్నారు. అట్లాంటాలో రెంటెరియా 2006లో 0.293 కొట్టి, లీగ్ మేటి ఆటగాళ్ల ఆల్‌స్టార్ జట్టుకు ఎంపికయ్యాడు, 2007లో 0.332 కొట్టాడు. అట్లాంటా ఆ తర్వాత అతణ్ని డెట్రాయిట్‌కు ఇచ్చి, జాయిర్ యూరియెన్స్ అనే మంచి యువ పిచర్‌ను సంపాదించింది. 2010లో శాన్ ఫ్రాన్సిస్కో తరఫున రెంటెరియా ప్రపంచ సిరీస్‌కే అత్యుత్తమ ఆటగాడయ్యాడు. లీగ్ మారడం, ఊరు మారడం, మొదటి ఏడాది ఒత్తిడి ఇవన్నీ ఒక్క సీజన్‌ను చెడగొట్టగలవని, 29 ఏళ్ల ఆటగాడి నైపుణ్యం ఒక్క ఏడాదిలో ఆవిరైపోదని తెలుసుకోవడానికి జోస్యం అక్కర్లేదు. ఆనాటికి ఉన్న రికార్డే చాలు. బోస్టన్ పత్రికలు, గ్యాలరీలు అతడికి సరిపడలేదన్న మాట నిజమే కావచ్చు. ఆ మాటకు కోటి డాలర్ల పైచిలుకు విలువ కట్టడం మాత్రం ఎక్కువ.

హాన్లీ రామిరెజ్

ఆ మార్పిడికి కొద్ది వారాల ముందే బోస్టన్ తన భవిష్యత్ షార్ట్‌స్టాప్‌ను కూడా ఇచ్చేసింది. 2005 నవంబర్‌లో మైనర్ లీగ్‌లో (మేజర్ లీగ్ కింది స్థాయి పోటీలు) ఎదుగుతున్న హాన్లీ రామిరెజ్‌ను, పిచర్ అనీబల్ సాంచెజ్‌ను, మరి ఇద్దరిని ఫ్లోరిడా మార్లిన్స్‌కు పంపి పిచర్ జాష్ బెకెట్, మూడో బేస్ ఆటగాడు మైక్ లోయెల్, మరో పిచర్ గీయెర్మో మోటాలను తెచ్చుకుంది. ఒక విషయం చాలామంది గమనించరు. అక్టోబర్ 31న ఎప్‌స్టీన్ పై అధికారులతో పొసగక రాజీనామా చేసి వెళ్లాడు. జనవరిలో గానీ తిరిగి రాలేదు. అంటే ఉన్న షార్ట్‌స్టాప్, రాబోయే షార్ట్‌స్టాప్ ఇద్దరూ జనరల్ మేనేజర్ కుర్చీ ఖాళీగా ఉన్న ఆ కొన్ని వారాల్లోనే చేజారారు.

2006లో హాన్లీ నేషనల్ లీగ్ ఉత్తమ నూతన ఆటగాడయ్యాడు, 2009లో 0.342తో బ్యాటింగ్ కిరీటం గెలిచాడు. సాంచెజ్ 2006 సెప్టెంబర్‌లోనే ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా పూర్తి మ్యాచ్ వేశాడు. చచ్చిన బర్రెకు పాలెక్కువ అన్నట్టు, హాన్లీ ఫ్లోరిడాలో కొట్టిన ప్రతి హోమ్ రన్ బోస్టన్ అభిమానికి తమ పాల లెక్కలోనే కనిపించింది. ఇటువైపు లెక్క కూడా చూడాలి. 2007లో బెకెట్ 20 మ్యాచ్‌లు గెలిచి, లీగ్ ఫైనల్లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. లోయెల్ 0.324 సగటుతో 120 రన్లు రాబట్టి, ప్రపంచ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

ఇందులో హాస్యం ఏమిటంటే, లోయెల్‌ను బోస్టన్ కోరుకోలేదు. 2005లో 0.236 సగటుతో కునారిల్లిన అతడికి ఇంకా రెండేళ్ల పెద్ద జీతం బాకీ ఉంది; బెకెట్ కావాలంటే ఆ బరువు కూడా ఎత్తుకోవాలని ఫ్లోరిడా షరతు పెట్టింది. శిక్షగా తగిలించుకున్న ఆటగాడే కప్పు తెచ్చాడు. దీన్ని యాజమాన్యం దూరదృష్టిగా చెప్పుకుంటే నవ్వు వస్తుంది. అందుకే ఈ మార్పిడిని నేను బెకెట్ వరకే తూకం వేస్తాను. 23 ఏళ్ల వయసుకే 2003 ప్రపంచ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన పిచర్ దొరుకుతున్నప్పుడు, మేజర్ లీగ్‌లో ఇంకా నిలదొక్కుకోని యువకుణ్ని ఇవ్వడం న్యాయమైన బేరం. పైగా హాన్లీ బ్యాటే గానీ చెయ్యి గొప్పది కాదు. 2012లో హోసే రేయెస్ రాగానే మార్లిన్స్ అతణ్ని మూడో బేస్‌కు తరలించారు.

బోస్టన్‌కు ఈ కథలో ఇంకో అధ్యాయం మిగిలి ఉంది. 2014 నవంబర్‌లో నాలుగేళ్లకు 8 కోట్ల 80 లక్షల డాలర్లు ఇచ్చి హాన్లీనే వెనక్కి తెచ్చుకున్నారు, ఈసారి అతడు ఎన్నడూ ఆడని లెఫ్ట్ ఫీల్డ్‌లో (మైదానంలో ఎడమవైపు దూరపు భాగం) ఆడించడానికి. అది ఎంత పేలవంగా సాగిందో చెప్పడానికి మరుసటి ఏడాదికి అతణ్ని మొదటి బేస్‌కు మార్చేశారన్న ఒక్క మాట చాలు. 2018 మేలో ఒప్పందం ముగియకముందే వదిలేశారు. ఇచ్చేయడం కాదు, తిరిగి కొనడమే నష్టం తెచ్చింది.

గోతిని పూడ్చిన తీరు

రెంటెరియా, హాన్లీ ఇద్దరూ పోయాక 2006కు షార్ట్‌స్టాప్ లేడు. ఒక్క ఏడాదికి 30 లక్షల డాలర్లిచ్చి అలెక్స్ గోన్సాలెజ్‌ను తెచ్చారు. ఆ రోజుల్లో మేజర్ లీగ్‌లో ఇదే పేరుతో ఇద్దరు షార్ట్‌స్టాప్‌లు ఉండేవారు. నోమార్ మార్పిడిలో కబ్స్ నుంచి మాంట్రియల్‌కు వెళ్లినవాడు ఆ రెండోవాడు. బోస్టన్‌కు వచ్చినవాడు బ్యాట్‌తో 0.255 దగ్గరే ఆగినా, ఏడాది మొత్తం మీద ఏడు ఎర్రర్లే చేశాడు. అతడి చేతి పనితనాన్ని చూసినవారు ఈ జట్టు చరిత్రలోనే ఆ స్థానంలో అంతటి ఫీల్డర్ లేడని అన్నారు. బోస్టన్ ఆ ఏడాది పూర్తి కాగానే అతణ్ని వెళ్లనిచ్చింది.

అతడి స్థానంలో 2006 డిసెంబర్‌లో నాలుగేళ్లకు 3 కోట్ల 60 లక్షల డాలర్లతో హూలియో లూగో వచ్చాడు. నేను ఈ వరుస మొత్తంలో నిస్సంకోచంగా తప్పు అని చెప్పేది ఈ ఒప్పందాన్నే. లూగోకు అప్పటికే 31 ఏళ్లు. ఆ ఏడాది మధ్యలో లాస్ ఏంజెలెస్‌కు వెళ్లి 0.219 సగటుకు పడిపోయాడు. 2007లో బోస్టన్‌లో 0.237 కొట్టాడు, బేస్ చేరిన శాతం 30కి కూడా తక్కువ. 33 బేస్‌లు దొంగిలించాడన్నది, ప్రపంచ సిరీస్‌లో 0.385 కొట్టాడన్నది నిజమే. 2008లో గాయపడ్డాడు, జెడ్ లోరీ ఆడాడు. 2009 జులైలో మిగిలిన జీతం దాదాపుగా తామే భరిస్తూ అతణ్ని వదిలించుకున్నారు. ఆగస్టులో ఎవరిని తెచ్చారంటే, మూడేళ్ల క్రితం వెళ్లనిచ్చిన గోన్సాలెజ్‌నే.

2007 కప్పు లూగో ఒప్పందానికి రక్షణ కవచం అయింది. గెలిచిన జట్టులో ఉన్నవాణ్ని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. కానీ రెంటెరియాను ఉంచుకుని ఉంటే, మిగిలిన మూడేళ్లకు 3 కోట్ల డాలర్లు, లూగో కంటే మెరుగైన బ్యాటు, సాగనంపడానికి చెల్లించిన కోటి డాలర్ల ఆదా. రెండు ఒప్పందాలను కలిపి ఒకే నష్టంగా చూడకపోతే ఈ సంగతి కనిపించదు.

ఆ తర్వాతి మూడేళ్లు త్వరగా చెప్పుకోవచ్చు. రెండేళ్లకు కోటి 25 లక్షల డాలర్లతో వచ్చిన మార్కో స్కుటారో పెట్టిన డబ్బుకు తగ్గట్టే ఆడాడు. జీతం భారం తగ్గించుకోవడానికి 2012 జనవరిలో అతణ్ని కొలరాడోకు ఇచ్చేస్తే, అదే ఏడాది శాన్ ఫ్రాన్సిస్కోకు చేరి లీగ్ ఫైనల్లో 0.500 కొట్టి అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2012లో ఆడిన మైక్ అవీలెస్‌ను ఆ అక్టోబర్‌లో టొరంటోకు ఇచ్చి, బదులుగా ఆ జట్టు మేనేజర్ (మైదానంలో జట్టును నడిపే శిక్షకుడు) జాన్ ఫారెల్‌ను తెచ్చుకున్నారు. షార్ట్‌స్టాప్‌ను ఇచ్చి మేనేజర్‌ను కొనుక్కున్న ఆ వింత బేరమే మరుసటి ఏడాది కప్పుకు దారితీసింది.

ఎవరు తీర్పు చెబుతున్నారన్నది కూడా ముఖ్యమే. 1930ల చివర బోస్టన్‌కు మేనేజర్‌గా ఉన్న జో క్రోనిన్ తనే షార్ట్‌స్టాప్‌గా కూడా ఆడేవాడు. లూయీవిల్ మైనర్ జట్టు ద్వారా బోస్టన్ గుప్పిట్లోకి వచ్చిన పీ వీ రీస్ అనే యువ షార్ట్‌స్టాప్ మీద అభిప్రాయం చెప్పవలసినవాడూ ఆయనే. 1939లో రీస్‌ను బ్రూక్లిన్‌కు అమ్మేశారు. రీస్ ఆ తర్వాత బేస్‌బాల్ మేటి ఆటగాళ్ల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. తన స్థానాన్ని లాక్కునే కుర్రవాడి గురించి నిష్పాక్షికంగా చెప్పమని ఒక మనిషిని అడగడమే అక్కడి లోపం. క్రోనిన్‌ను మాత్రమే తిట్టి లాభం లేదు.

2013, 2014

ఒకే ఆటగాడి మీద తీసుకున్న రెండు నిర్ణయాలు ఎంత వేరుగా ఉండగలవో స్టీఫెన్ డ్రూ చూపిస్తాడు. 2013కు ఒక్క ఏడాదికి 95 లక్షల డాలర్లతో అతణ్ని తెచ్చారు. పోస్ట్‌సీజన్‌లో అతడి బ్యాటు మూగబోయింది, సగటు 0.111. ఆడించవద్దని ఊరంతా గోల పెట్టింది. ఫారెల్ వినలేదు. ఫీల్డింగ్‌లో మాత్రం డ్రూ మీద నమ్మకం ఉంచాడు. పైగా ప్రపంచ సిరీస్‌ను గెలిపించిన ఆరో మ్యాచ్‌లో హోమ్ రన్ కొట్టాడు. అదే ఏడాది జులైలో, ఫీల్డింగ్‌లో అద్భుతమని పేరున్న హోసే ఇగ్లేసియాస్‌ను డెట్రాయిట్‌కు పంపి పిచర్ జేక్ పీవీని తెచ్చుకున్నారు. లీగ్ ఫైనల్ ఆరో మ్యాచ్ ఏడో ఇన్నింగ్స్‌లో బోస్టన్ బ్యాటర్ ఎల్స్‌బరీ కొట్టిన బంతిని జారవిడిచింది అదే ఇగ్లేసియాస్. ఆ వెంటనే షేన్ విక్టోరినో గ్రాండ్ స్లామ్ (మూడు బేస్‌లూ నిండి ఉండగా హోమ్ రన్) కొట్టి బోస్టన్‌ను ప్రపంచ సిరీస్‌కు చేర్చాడు. దీని నుంచి ఇగ్లేసియాస్ గురించి ఏ తీర్మానమూ చేయకూడదు, ఒక బంతి ఒక బంతే.

2014కు 21 ఏళ్ల జాండర్ బోగార్ట్స్ షార్ట్‌స్టాప్ అయ్యాడు. అరూబా ద్వీపం నుంచి వచ్చిన ఈ కుర్రవాడు అప్పటికే 2013 ప్రపంచ సిరీస్‌లో మూడో బేస్ ఆడాడు. డ్రూ జట్టు ఇవ్వజూపిన కోటి 41 లక్షల డాలర్ల ఒక్క ఏడాది ఒప్పందాన్ని కాదని, మే దాకా ఎవరూ కొనక ఖాళీగా కూర్చున్నాడు. మూడో బేస్‌లో మిడిల్‌బ్రూక్స్ గాయపడగానే బోస్టన్ డ్రూను మళ్లీ పిలిచి షార్ట్‌స్టాప్‌లో పెట్టి, బోగార్ట్స్‌ను మూడో బేస్‌కు తోసింది. ఆ తర్వాత కుర్రవాడి బ్యాటింగ్ కుప్పకూలి, సీజన్ 0.240 దగ్గర ముగిసింది. డ్రూ బోస్టన్‌లో 0.176 కొట్టి జులై 31న యాంకీస్‌కు వెళ్లిపోయాడు. జట్టు 71 గెలిచి 91 ఓడి డివిజన్‌లో ఆఖరున నిలిచింది. స్థానం మార్పే బోగార్ట్స్‌ను దెబ్బతీసిందని నిరూపించలేం, 21 ఏళ్లవాళ్లు తడబడటం మామూలే. అయినా గోతి మూడో బేస్‌లో ఉంటే షార్ట్‌స్టాప్‌ను కొనడం, అదీ సొంత కుర్రవాణ్ని కదిలించి కొనడం, ఆ రోజున కూడా తప్పుగానే కనిపించవలసిన పని. 2015లో షార్ట్‌స్టాప్ స్థానం తిరిగి ఇవ్వగానే బోగార్ట్స్ 0.320 కొట్టాడు.

28 కోట్ల ప్రశ్న

2018 కప్పు గెలిచాక, 2019 వసంతంలో బోగార్ట్స్ ఆరేళ్లకు 12 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నాడు. మార్కెట్ ధర కంటే అది తక్కువ. అందుకు బదులుగా 2022 తర్వాత ఒప్పందాన్ని తెంచుకుని వెళ్లే హక్కు తీసుకున్నాడు. ఈ హక్కు ధర ఒప్పందంలో ఎక్కడా అంకెగా కనిపించదు. బాగా ఆడితే ఆటగాడు వెళ్లిపోతాడు, ఆడకపోతే ఉండిపోతాడు. రెండు విధాలా భారం జట్టుదే. అప్పుడు అందరూ ఈ ఒప్పందాన్ని మెచ్చుకున్నారు.

2021 నవంబర్‌లో షార్ట్‌స్టాప్ కోరీ సీగర్ పదేళ్లకు 32 కోట్ల 50 లక్షల డాలర్లతో టెక్సస్‌కు వెళ్లాడు. మేటి షార్ట్‌స్టాప్ ధర ఎంతో ఆ రోజే తేలిపోయింది. నాలుగు నెలల తర్వాత బోస్టన్, ఆరేళ్లకు 14 కోట్లిచ్చి మరో షార్ట్‌స్టాప్ ట్రెవర్ స్టోరీని తెచ్చి రెండో బేస్‌లో ఆడిస్తూ, బోగార్ట్స్‌కు ఉన్న మూడేళ్లకు ఒక ఏడాది కలిపి మొత్తం 9 కోట్లు ఇవ్వజూపినట్టు వార్తలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాడికి బయటినుంచి వచ్చినవాడికంటే తక్కువ చూపించడం బేరం కాదు, వెళ్లిపొమ్మని చెప్పడమే.

2022 డిసెంబర్‌లో శాన్ డియేగో 11 ఏళ్లకు 28 కోట్ల డాలర్లు ఇచ్చి బోగార్ట్స్‌ను తీసుకుపోయింది. బోస్టన్ ఆఖరి మాట ఆరేళ్లకు 16 కోట్ల దరిదాపు అని అప్పటి కథనం. యాజమాన్యం మీద, ముఖ్యంగా బేస్‌బాల్ వ్యవహారాల అధిపతి ఛైమ్ బ్లూమ్ మీద ఊరు విరుచుకుపడింది. ఆ 28 కోట్లు ఇవ్వకపోవడం మాత్రం సరైనదే. 30 ఏళ్లవాడికి 41 ఏళ్లు నిండేదాకా జీతం కట్టే ఒప్పందం అది. శాన్ డియేగో రెండో ఏడాదికే, 2024లో, అతణ్ని రెండో బేస్‌కు జరిపింది. డిసెంబర్ నిర్ణయాన్ని తిట్టినవారు మార్చి నెల నాటి 9 కోట్ల నిర్ణయాన్ని తిట్టవలసింది. అదే చలికాలంలో మరో షార్ట్‌స్టాప్ డాన్స్‌బీ స్వాన్సన్ ఏడేళ్లకు 17 కోట్ల 70 లక్షలకు షికాగో వెళ్లాడు. వసంతంలో ఆ స్థాయి మాట చెప్పి ఉంటే బేరం కుదరడానికి అవకాశం ఉండేది.

తరువాతి దిద్దుబాటు ఇంకా ఖరీదైంది. బోగార్ట్స్ పోయిన నెల రోజుల్లోనే, అభిమానుల ఆగ్రహం చల్లారకముందే, మూడో బేస్ ఆటగాడు రఫాయెల్ డెవర్స్‌కు 31 కోట్ల 35 లక్షల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. 2025 జూన్‌లో అతణ్నీ శాన్ ఫ్రాన్సిస్కోకు పంపేశారు. షార్ట్‌స్టాప్‌లో స్టోరీ 2023 జనవరిలో మోచేతి శస్త్రచికిత్స చేయించుకున్నాడు, 2024 ఏప్రిల్‌లో భుజం తొలగి ఏడాది దాదాపు అంతా పోగొట్టుకున్నాడు. 2025లో గానీ పూర్తి సీజన్ ఆడి 25 హోమ్ రన్లు కొట్టలేదు. అదే 2025లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు పూర్తికాల షార్ట్‌స్టాప్‌గా ఆడినవాడు మూకీ బెట్స్. హైస్కూల్లో షార్ట్‌స్టాప్‌గా ఆడిన అతణ్ని 2011లో ఎంపిక చేసుకుని, అవుట్‌ఫీల్డ్‌కు మార్చి, 2020లో ఇచ్చేసింది బోస్టనే. ఇన్నేళ్ల వాదనల్లో ఈ జట్టు షార్ట్‌స్టాప్‌ల జాబితాలో అతడి పేరు ఎవరూ చేర్చలేదు.

ప్రస్తుతం చూడవలసినవాడు మార్సెలో మేయర్. 2021 డ్రాఫ్ట్‌లో నాలుగో ఎంపికగా షార్ట్‌స్టాప్ హోదాలోనే వచ్చాడు. 2025 మేలో మూడో బేస్ ఆటగాడు అలెక్స్ బ్రెగ్‌మన్ గాయపడగానే మేజర్ లీగ్‌కు పిలిచి ఎక్కువగా మూడో బేస్‌లోనే ఆడించారు. ఆగస్టులో మణికట్టు శస్త్రచికిత్సతో అతడి సీజన్ ముగిసింది. స్టోరీ ఒప్పందం 2027 దాకా ఉంది. ఆ ఒప్పందం మంచిదా చెడ్డదా అన్న వాదన మళ్లీ మొదలైంది, కానీ ఈసారి తేల్చవలసింది అది కాదు. 2014లో బోగార్ట్స్‌ను కదిలించినట్టు మేయర్‌ను కూడా ఎవరి ఖాళీ వస్తే అక్కడికి జరుపుతూ పోతారా, లేక ఫలానా రోజు నుంచి షార్ట్‌స్టాప్ నీదేనని చెప్పి అక్కడ నిలబెడతారా అన్నదే తేలాలి.